బతికున్నామె కండ్లు

ధర్మపురిలో ముప్ఫై నాలుగేళ్లు నడిపిన ఫోటో స్టూడియోను కిందటేడాది మూసేశాను. ఇటు మోకాళ్లు మొరాయించాయి, అటు గిరాకీ సెల్‌ఫోన్ల పాలైంది. రెండూ ఒకేసారి జరగడంతో పెద్దగా బాధ కలగలేదు.

ఈమధ్య జగిత్యాల నుంచి శ్రావణి అనే అమ్మాయి నన్ను చూడడానికి వచ్చింది. పెళ్లిళ్లకు ఫోటోలు తీస్తుంది, చేయి మంచిది. పెళ్లి పనులు కాక తనకంటూ ఒక పని చేయాలని ఉందట. "సార్, సొంత ప్రాజెక్టు అంటే ఏం తియ్యాలె? ఏడ మొదలు పెట్టాలె?" అని అడిగింది. ఆ పూట సరైన జవాబు చెప్పలేక చాయ్ తాగించి పంపించాను. ఆమె పోయాక నా సొంత పని ఎక్కడ మొదలైందా అని ఆలోచిస్తే, ఒక తప్పు దగ్గర మొదలైందని ఒప్పుకోవలసి వచ్చింది. ఆ తప్పును దాచిపెట్టి, తర్వాత తీసిన మంచి ఫోటోల సంగతి మాత్రమే చెబితే శ్రావణి లాంటివాళ్లకు ఒరిగేదేమీ లేదు. అందుకే ఇదంతా రాస్తున్నాను.

గఫూర్ సాబ్ పెన్సిల్

నేను పని నేర్చుకున్నది కరీంనగర్‌లో, గఫూర్ సాబ్ అనే ఉస్తాద్ దగ్గర. అప్పుడంతా నలుపు తెలుపు ఫిల్ము. నెగెటివ్‌ను గాజు పలక మీద పెట్టి, కింద దీపం వెలిగించి, సూదిలా చెక్కిన పెన్సిల్‌తో మొహం మీది మచ్చలు, ముడతలు పూడ్చేవాళ్లం. ఆ పనిలో గఫూర్ సాబ్‌ను మించినవాడు కరీంనగర్‌లో లేడు. అయినా మనిషిని అడగకుండా ఆ పెన్సిల్ ముట్టేవాడు కాదు.

ఒకసారి సంబంధం చూసేవాళ్లకు పంపడానికి ఒక అమ్మాయిని ఫోటో దిగడానికి తీసుకొచ్చారు. ఆమె బుగ్గ మీద పెద్ద పుట్టుమచ్చ ఉంది. దాన్ని తీసేయమని వెంట వచ్చిన అన్న చెప్పాడు. గఫూర్ సాబ్ అతనికి జవాబివ్వకుండా అమ్మాయి వైపు తిరిగి, "బేటా, నీకు ఉండాల్నా, వద్దా?" అని అడిగాడు. ఆ పిల్ల తల వంచుకునే "ఉండనీ" అంది. అన్నకు కోపమొచ్చి చెల్లెలిని ఇంకో స్టూడియోకు తీసుకుపోయాడు.

వచ్చిన గిరాకీని ఎందుకు పోగొట్టుకున్నారని అడిగాను. "మొఖం ఆ పిల్లది. మన దగ్గర అది అమానత్. అడగకుండ చెయ్యి పెట్టొద్దు" అన్నాడు. అమానత్ అంటే ఒకరు నమ్మి మన దగ్గర దాచుకున్నది. ఈయన పాతకాలం మనిషి, ఈయనతో వ్యాపారం సాగదు అనుకున్నాను. మాట మాత్రం గుర్తుండిపోయింది. అర్థం పదిహేనేళ్లకు గాని తలకెక్కలేదు.

రేషన్ కార్డు మీది అవ్వ

ధర్మపురికి జనం నరసింహస్వామి దర్శనానికీ వస్తారు, గోదావరిలో అస్థికలు కలపడానికీ వస్తారు. అందుకే నా స్టూడియో పనిలో సగం పోయినవాళ్లదే ఉండేది. పెద్దకర్మనాడు దండ వేయడానికి ఒక ఫోటో కావాలి. మగవాళ్లదైతే ఏదో ఒకటి దొరికేది. దుబాయి పాస్‌పోర్టు, బస్సు పాసు, స్నేహితులతో జాతరలో దిగిన ఫోటో. ఆడవాళ్లకు ఒంటరిగా దిగిన ఫోటో ఉండేది కాదు. ఎవరిదో పెళ్లిలో, వెనక వరసలో, సగం మొహం పక్కావిడ భుజం చాటున ఉన్న ఫోటో పట్టుకొచ్చి, ఇందులోంచి మా అమ్మను తీసివ్వమనేవాళ్లు. నేను తీసిచ్చేవాడిని.

కంప్యూటర్ వచ్చాక నాకు గర్వం కూడా వచ్చింది. మూసుకున్న కళ్లు తెరిపించేవాడిని. నూలు చీరను పట్టుచీర చేసేవాడిని. బతికినన్నాళ్లు మెడలో పసుపుతాడు తప్ప ఎరగని మనిషికి కాసులపేరు వేసేవాడిని. వాళ్ల పిల్లలు సంతోషపడేవాళ్లు. అదంతా సేవ అనే అనుకునేవాడిని.

ఇరవై ఏళ్ల కిందట ఒక పొద్దున అన్నదమ్ములిద్దరు వచ్చారు. పెద్దవాడి పేరు ఎల్లయ్య. వాళ్ల తల్లి మల్లవ్వ చనిపోయి అప్పటికి ఐదు రోజులు. ఇంట్లో ఆమె ఫోటో అంటూ ఉన్నది రేషన్ కార్డు మీద, ఇంటిల్లిపాదీ కలిసి దిగినది ఒక్కటే. అందులోనూ ఆమె మొహం మీద ఊదారంగు సీలు పడింది. నుదురు, ఒక చెంప, గడ్డం మాత్రం కనబడుతున్నాయి. జర మంచిగా చేయమని, ఇంకో ఫోటో లేదని బతిమాలుకున్నారు.

ఫికర్ చేయవద్దని చెప్పి పంపాను. నా కంప్యూటర్లో పాస్‌పోర్టు సైజు ఫోటోలు వందల కొద్దీ ఉన్నాయి. వెతికితే ఆ వయసుదే, అటువంటి చెంపలే ఉన్న ఒక ఆడమనిషి దొరికింది. ఆమె కళ్లు, ముక్కు, పెదవులు తీసి మల్లవ్వ నుదుటి కింద అతికించాను. అతుకు కనబడకుండా నున్నగా చేశాను. వెనక నీలం ఆకాశం పెట్టాను. మరునాడు ఎల్లయ్య ఆ ఫోటోను రెండు చేతులా పట్టుకొని, అచ్చం అవ్వే అని, అమ్మను చూసినట్టే ఏడ్చాడు. నేనూ నమ్మాను. దుఃఖంలో ఉన్న మనిషికి ఎవరిని చూపించినా కావలసినవాళ్లే కనబడతారని అప్పుడు నాకు తట్టలేదు.

వారం పది రోజుల తర్వాత ఒకామె ఒంటరిగా వచ్చింది. మల్లవ్వ కూతురు లక్ష్మి. ముంబై దగ్గర భివండిలో మరమగ్గాల మీద పనిచేసే కుటుంబం. దూరం నుంచి రావడంతో పెద్దకర్మ ముందునాడు గాని ఇల్లు చేరలేదట. తువ్వాలలో చుట్టి తెచ్చిన ఫోటోను బల్ల మీద విప్పి పెట్టింది.

"అన్నా, గీ ఫోటో నువ్వే చేసినవా?"

నేనేనన్నాను. మెచ్చుకుంటుందని అనుకున్నాను.

"మా అవ్వకు ఎడమ కన్ను జర చిన్నగుండె. చిన్నప్పుడు అమ్మవారు పోసినప్పటి సంది గట్లనే. గీమెకు రెండు కండ్లు సమానంగున్నయి. గీ కండ్లు ఎవలియి?"

అబద్ధం చెప్పడానికి నోరు తెరిచాను గాని ఆమె చూపు ముందు అది రాలేదు. ఎవరో పింఛను దరఖాస్తు కోసం దిగిన ఫోటోలోంచి తీశానని చెప్పాను.

"గామె సచ్చిపోయిందా?"

"లేదమ్మా, ఉండే ఉంటది."

లక్ష్మి ఆ ఫోటోను తన వైపు తిప్పుకుంది. తర్వాత మెల్లగా, "అంటే బతికున్నామె కండ్లకు దండ ఏసినం" అంది.

తిట్టి ఉంటే నాకు కొంత తేలికయ్యేది. ఆమె తిట్టలేదు. మళ్లీ చేస్తాను, దగ్గర కూర్చొని చెప్పమన్నాను. రెండు రోజులు వచ్చి నా పక్కన స్టూలు మీద కూర్చుంది. గడ్డం మీద మూడు పచ్చబొట్టు చుక్కలంది, పెట్టాను. పెదవి ఒక పక్కకు కొద్దిగా లాగినట్టుండేదంది, లాగాను. ఎడమ కన్ను చిన్నది చేశాను. మార్చిన ప్రతిసారీ ఆమె తల అడ్డంగా ఊపింది. రెండో రోజు మధ్యాహ్నం నా చేతి మీద చెయ్యి పెట్టి ఆపింది. నేను చేసినకొద్దీ అవ్వ ఇంకా దూరం పోతుందని, ఇక చాలని చెప్పింది.

చివరికి రేషన్ కార్డు మీద ఉన్నదాన్ని ఉన్నట్టే పెద్దది చేసి ఇమ్మంది. మసక మసకగా, మొహం నిండా సీలుతో వచ్చింది. ఇదేం పెడతామని ఆ రోజు వెంట వచ్చిన ఎల్లయ్య సణిగాడు. లక్ష్మి ఆ సీలు మీద వేలు పెట్టి, "దీని కింద ఉన్నది మా అవ్వ. మా పిల్లలకు గట్లనే చెప్త" అని తువ్వాలలో చుట్టుకొని పోయింది. నేను చేసిన రంగుల ఫోటో బల్ల మీదే ఉండిపోయింది.

రాజవ్వ

ఆ ఫోటోను చింపలేకపోయాను. అందులోంచి ఒక బతికున్న మనిషి నన్ను చూస్తోంది. ఫోటోలు దిగినవాళ్ల పేరూ ఊరూ రాసిపెట్టుకునే అలవాటు ఉండడంతో నోటుబుక్కు తిరగేస్తే దొరికింది. పేరు రాజవ్వ. ఊరు గంట ప్రయాణం. ఆదివారం స్టూడియోకు తాళం వేసి, కెమెరా సంచిలో పెట్టుకొని స్కూటర్ మీద బయలుదేరాను. ఏం చెప్పాలో దారిలో పదిసార్లు అనుకున్నాను, ఏదీ కుదరలేదు.

ఆమె ఇంటి ముందు అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకొని బీడీలు చుడుతోంది. నేను ఎదురుగా కూర్చొని జరిగింది జరిగినట్టు చెప్పాను. చెబుతున్నంతసేపూ ఆమె చేతులు ఆగలేదు. ఆకు తీయడం, తంబాకు పోయడం, చుట్టడం, దారం కట్టడం సాగుతూనే ఉంది. లోపలి నుంచి కోడలు గడప దాకా వచ్చి భయంగా నిలబడింది. నా మాట అయిపోయాక రాజవ్వ ఇంకో బీడీ కట్టి చాటలో వేసి తలెత్తింది.

"మరి నా కండ్లు గామెకు నప్పినయా?"

"నప్పలే అక్కా."

"ఎట్ల నప్పుతయి? నేను జూసినయి వేరే, గామె జూసినయి వేరే."

అంత మాట నాకు పుస్తకాల్లో ఎక్కడా దొరకలేదు. ఆమె నన్ను తేలిగ్గా క్షమించింది, నాకే తేలిక కాలేదు. ఆమెకంటూ ఒక ఫోటో తీసిస్తానని చెప్పాను. కోడలికి నచ్చలేదు. ముసలివాళ్లను ఒంటరిగా ఫోటో తీస్తే ఎందుకోసం తీసినట్టని గొణిగింది. ఆ భయం నాకు తెలుసు. మా దిక్కున ఆడమనిషి ఒంటరి ఫోటో గోడకెక్కేది దండతోనేనని అందరికీ తెలుసు. రాజవ్వ కోడలి మాట పట్టించుకోకుండా చాట పక్కకు జరిపింది.

అప్పుడు నా నోటి నుంచి ఒక ప్రశ్న వచ్చింది. వేల ఫోటోలు తీశాను గాని ఒక్కరినీ అడగని ప్రశ్న.

"ఎట్ల తియ్యాల్నో నువ్వే చెప్పు అక్కా."

ఆమె ఒళ్లో రాలిన తంబాకు దులుపుకుంది. "ఖాళీగ కూసున్నట్టు తియ్యి" అంది.

పదేళ్ల వయసు నుంచి బీడీలు చుడుతోంది. ఊరికే కూర్చున్న రోజు గుర్తులేదట. చూరు కింద మంచం వేయించి కూర్చోబెట్టాను. కూర్చుంది గాని చేతులు వినలేదు. బొటనవేలూ చూపుడువేలూ గాలిలోనే ఏదో చుడుతున్నాయి. ఆపాలని ఒక చేతిని ఇంకో చేత్తో పట్టుకుంది. నేను కెమెరా మంచం మీద పెట్టి మాటల్లో పడ్డాను. పెద్ద కొడుకు దుబాయి పోయిన సంగతి, వానల సంగతి, ఒకప్పుడు ఆమె నడిచిపోయి చూసిన ధర్మపురి జాతర సంగతి. దాదాపు గంట గడిచింది. మాటల మధ్య ఎప్పుడో ఆమె చూపు పెరట్లో తిరుగుతున్న కోళ్ల మీదికి పోయి అక్కడే ఉండిపోయింది. కుడి చేయి మోకాలి మీద వెల్లకిలా తెరుచుకుంది. మూడంటే మూడు ఫోటోలు తీశాను.

మరుసటి వారం తీసుకుపోయి ఇస్తే ఆమె మొహం చూసుకోలేదు. చేతుల మీదే చూపు నిలిపింది. "గీ చేతులు నాయేనా? ఎంత మంచిగ పండుకున్నయి" అంది.

నా సొంత పని అక్కడ మొదలైంది. దానికి నేను పేరు పెట్టలేదు. ప్రతి ఆదివారం ఏదో ఒక ఊరికి పోవడం, ఒంటరి ఫోటో లేని ఆడమనిషిని వెతకడం, ఎట్లా కనబడాలని ఉందో అడగడం, చెప్పినట్టు తీయడం, ఆమె బతికుండగానే ఆమె చేతికి ఇవ్వడం. అంతే. బర్రె మెడ మీద చెయ్యి వేసి నిలబడతానని ఒకామె అంది. నాగలి పట్టుకుంటానని ఇంకొకామె అంది. భర్త పోయాక పొలమంతా ఆమే దున్నింది గాని ఊళ్లో ఎవరూ ఆమెను రైతు అనలేదు. భర్త పోయి పాతికేళ్లయిన ఒకామె తలుపు దగ్గరగా వేయించి, కొప్పులో మల్లెపూలు పెట్టుకొని దిగింది. ఆ ఫోటో ఒక్కటే కావాలని, నా దగ్గర ఇంకేమీ మిగలకూడదని అడిగింది. ఫిల్ము ముక్కతో సహా ఆమెకే ఇచ్చేశాను. నేను తీసిన వాటిలో అదే మంచిదని ఇప్పటికీ నా నమ్మకం. చూపించమంటే చూపించలేను.

పత్తిలో పడ్డ తప్పు

ఇదంతా చెప్పి నేను మారిన మనిషినని అనుకోకండి. ఆరేడేళ్లు ఇట్లా సాగాక పట్నం నుంచి ఒక పేరున్న ఫోటోగ్రాఫర్ స్వామి దర్శనానికి వచ్చి, నా స్టూడియోలో ఈ ఫోటోలు చూశాడు. ఓపిగ్గా చూసి, ఇవి ఇంటి ఆల్బములో పెట్టుకునేవని, కళ అనాలంటే శ్రమ కనబడాలని, కష్టం కనబడాలని చెప్పాడు. పత్తి సీజన్లో ఆదిలాబాద్ పోయి చూడమన్నాడు. ఆయన చెడ్డవాడు కాదు. నాకే ఎవరో ఒకరు గొప్పవాడివి అనాలని లోపల ఆశ ఉంది.

పోయాను. రెండు రోజులు పత్తి నుంచి గింజలు వేరుచేసే ఒక జిన్నింగ్ మిల్లులో తిరిగాను. కొండల్లాంటి పత్తి కుప్పలు, గాలి నిండా దూది, వాటి మధ్య ముక్కుకు గుడ్డ కట్టుకున్న కూలీ ఆడవాళ్లు. ఎత్తు మీద నిలబడి ఒక ఫోటో తీశాను. తెల్లటి తెలుపులో ఒక ఎర్రని చుక్క. దానికి బహుమతి వచ్చింది. పేపర్లో పేరు వచ్చింది. నెల రోజులు నేల మీద నడవలేదు.

మరుసటి సీజన్లో ఆ ఫోటో తీసుకొని మిల్లుకు పోయి, అందులో ఎర్ర చీర కట్టుకున్న మనిషిని వెతికి పట్టుకున్నాను, పేరు శాంతాబాయి. ఆమెది మహారాష్ట్ర సరిహద్దు ఊరు. తెలుగూ మరాఠీ కలిపి మాట్లాడుతుంది, అన్నను భావూ అంటుంది. ఫోటోను దగ్గరగా పెట్టుకొని చూసింది, దూరంగా పెట్టుకొని చూసింది.

"భావూ, పత్తి మస్తు వచ్చింది. నేనేడున్న?"

వేలితో చూపించాను.

"గిది నా చీర" అంది.

కోపంగా అనలేదు, సంగతి చెప్పినట్టు చెప్పింది. శ్రమను ఫోటో తీయడం తప్పని నేననను. గొప్పగా తీసినవాళ్లున్నారు. నా తప్పల్లా ఆమెను ఏమీ అడగకపోవడమే. ఆ రోజు అడిగాను. పంపు దగ్గర మొహం కడుక్కొని, జుట్టులోని దూదంతా ఏరుకొని, దువ్వుకొని వచ్చి నిలబడింది. పత్తి కనబడవద్దంది. మిల్లు గోడ ముందు, కొద్దిగా నవ్వుతూ ఉన్న ఒక నడివయసు మనిషి. ఆ ఫోటోకు ఎవరూ బహుమతి ఇవ్వరు. బహుమతి వచ్చినదాన్ని నేను గోడకు పెట్టలేదు.

శ్రావణి అడిగినదానికి నాకు తెలిసిన జవాబు ఇంతే. ఏం తీయాలా అని ఊళ్ల మీద పడి వెతకనక్కరలేదు. రోజూ చేసే పనిలోనే ఎక్కడో మనసు చివుక్కుమంటుంది. చాలామంది దాన్ని దులిపేసుకొని పోతారు. అక్కడ ఆగాలి. ఆ పని పదేళ్లు పడుతుందనుకొనే మొదలుపెట్టాలి. మెచ్చుకునేవాళ్ల కోసం దాన్ని మార్చకూడదు. ఫోటో దిగిన మనిషికి మొదటి కాపీ ఇవ్వాలి, ఇచ్చేటప్పుడు ఆ మనిషి మొహం చూడాలి. పని బాగుందో లేదో అక్కడ తెలిసినంతగా ఇంకెక్కడా తెలియదు.

ఖానాపూర్‌లో

స్టూడియో మూసిన తర్వాత సంగతి ఒకటి చెప్పి ముగిస్తాను. ఖానాపూర్‌లో మా చుట్టాల ఇంటికి పోతే, పక్కింట్లో పోసవ్వ అనే ముసలావిడ ఉంది. ఎనభై దాటిన మనిషి. దుబాయిలో ఉన్న మనుమడు నాయనమ్మ ఫోటో మంచిది ఒకటి పంపమన్నాడని మనుమరాలు సుజాత నన్ను పిలిచింది. ఎట్లా తీయాలని నా అలవాటు ప్రకారం అడిగితే, పోసవ్వ పెద్దగా పట్టించుకోకుండా నీ ఇష్టం బిడ్డా అంది. వాకిట్లో పొద్దుటి వెలుతురు మెత్తగా ఉంది. అక్కడే కుర్చీ వేసి తీశాను.

కెమెరా వెనక తెర మీద ఫోటో చూపించాను. ఆమె కెమెరాను రెండు చేతుల్లోకి తీసుకుంది. అంత బరువు మోయలేదని కింద నా చెయ్యి పెట్టాను. చాలాసేపు చూసింది. చత్వారం వల్ల కనబడడం లేదేమోనని సుజాత ఆ ఫోటోలో ఉన్నది నువ్వేనని చెప్పబోయింది.

"నేను గాదు. మా అవ్వ" అంది పోసవ్వ.

ఆమెకు తొమ్మిదేళ్లప్పుడు తల్లి పోయిందట. అప్పుడు ఫోటోలెక్కడివి? పెళ్లయి అత్తగారింటికి వచ్చి, పిల్లలు పుట్టి, ఆ సందడిలో ఎప్పుడో తల్లి మొహం మరిచిపోయిందట. గొంతు గుర్తుంది, చేతి గాజుల చప్పుడు గుర్తుంది, మొహం మాత్రం ఎంత యాది చేసుకున్నా రాదట. అది ఎవరికీ చెప్పుకోలేదట. తల్లి మొహం మరిచిన బిడ్డ ఉంటుందా అంటారని భయం.

ఇదంతా ఆమె నాకు చెప్పలేదు, సుజాతకూ చెప్పలేదు. తెర మీది మనిషిని చూస్తూ ఆమెతోనే చెప్పుకుంది. చివరికి వేలితో ఆ చెంపను తాకి, "ఏడ వోయినవే ఇన్నొద్దులు?" అని అడిగింది.

సుజాత కొంగు నోటికి అడ్డం పెట్టుకొని లోపలికి పోయింది. నేను కెమెరా కింద చెయ్యి తీయకుండా అట్లాగే నిలబడ్డాను.

కెమెరా తిరిగి ఇస్తూ పోసవ్వ రెండు ఫోటోలు కావాలంది, ఒకటి తనది, ఒకటి అవ్వది. రెండూ ఒకటే ఫోటో కదా అని నేను అనలేదు. నిర్మల్‌లో ప్రింటు చేయించి, ఒకే కొలత చెక్క ఫ్రేములు కట్టించి వారంలో తీసుకుపోయాను. అప్పటికే గోడకు పక్కపక్కన రెండు మొలలు కొట్టించి ఉంచింది. రెండు ఫోటోలూ ఒళ్లో పెట్టుకొని, కాసేపు చూసుకొని, ఒకదాన్ని సుజాత చేతికిచ్చింది.

"గిది అవ్వ. గామెను తలుపు దిక్కు పెట్టు, గాలి తగుల్తది."

ఏది ఎవరిదో నేను చెప్పలేకపోయేవాడిని. పోసవ్వ ఒక్క క్షణం కూడా తడబడలేదు.